పులిరాజా, మా అమ్మ, నేను

ఈ వ్యాసానికి పేరు వేయొద్దని ఎడిటర్‌ని నేనే అడిగాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. క్యాంటీన్లో కూర్చుని "ఎవడ్రా వీడు" అని కనిపెట్టే ప్రయత్నం చేయకండి, ప్లీజ్. దాని బదులు ఇందులో ఉన్న తారీఖులూ టీకాలూ గుర్తుపెట్టుకుంటే ఎక్కువ ఉపయోగం.

మా నాన్నకి ఒక అలవాటు ఉంది. టీవీలో కండోమ్ ప్రకటన వస్తే రిమోట్ కోసం తడుముకుంటూ, "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని ఒక డైలాగ్ కొట్టి ఛానల్ మార్చేస్తాడు. అది ఏదో పాత సినిమాలో కమెడియన్ మాట అనుకునేవాణ్ణి. ఇంటర్లో ఉండగా తెలిసింది, 2000ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా హోర్డింగుల మీద కనిపించిన ప్రశ్న అదని. హెచ్ఐవీ మీద అవగాహన కోసం చేసిన ప్రచారం. మన అమ్మానాన్నల తరంలో ఎవరినైనా అడిగి చూడండి, పులిరాజా తెలియనివాళ్ళు ఉండరు. ప్రచారంగా అది పెద్ద సక్సెస్. కాకపోతే మా ఇంట్లో లైంగిక ఆరోగ్యం గురించి ఇరవై ఏళ్ళలో జరిగిన సంభాషణ మొత్తం ఆ ఒక్క ప్రశ్నే. దానికి జవాబు కూడా ఎవరూ చెప్పలేదు.

విచిత్రం ఏమిటంటే మా అమ్మ ఏఎన్‌ఎం. పల్నాడు వైపు ఒక సబ్ సెంటర్లో పనిచేస్తుంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి నిరోధ్ ప్యాకెట్లు ఇస్తుంది, కాపర్ టీ గురించి చెప్తుంది, కడుపుతో ఉన్న ప్రతి అమ్మాయికీ హెచ్ఐవీ, సిఫిలిస్ టెస్టులు అయ్యాయా లేదా అని కార్డు తిరగేసి చూస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు మొగుళ్ళకి కూడా చెప్పుకోని సంగతులు ఆమెకి చెప్తారు. ఆవిడ కొడుకుగా నాకు అందిన ఆరోగ్య సమాచారం: "వేడి చేస్తుంది, మజ్జిగ తాగు."

నేను గే. ఈ వాక్యం ఒక వెబ్ మ్యాగజైన్లో రాయడానికి నాకు మూడేళ్ళు పట్టింది, కాబట్టి ఒక్కసారే రాసి ముందుకు పోతాను.

ఈ వ్యాసం ఎల్‌జీబీక్యూ పిల్లలు, అంటే లెస్బియన్, గే, బైసెక్సువల్, క్వీర్ అని చెప్పుకునేవాళ్ళు, ఇంట్లో లైంగిక ఆరోగ్యం గురించి ఎందుకు మాట్లాడలేకపోతారు, మాట్లాడకపోతే ఏమవుతుంది, మాట్లాడాలంటే ఎక్కడ మొదలుపెట్టొచ్చు అన్నదాని గురించి. ట్రాన్స్ వాళ్ళ ఆరోగ్యం వేరే పెద్ద సబ్జెక్టు. సగం తెలిసి దాని గురించి రాయడం నాకిష్టం లేదు.

ముందు నా కథ. సెకండియర్‌లో డిసెంబర్ చివర ఒకతన్ని కలిశాను. కండోమ్ వాడాం. కాబట్టి ధైర్యంగా ఉన్నాను. జనవరిలో సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఒంటి మీద, చెప్పుకోలేని చోట, ఒక చిన్న పుండు కనిపించింది. నొప్పి లేదు, దురద లేదు. నొప్పి లేదు కాబట్టి జబ్బు కాదనుకున్నాను. పక్క గదిలో అమ్మ అరిసెలు వత్తుతోంది. ఆ పుండును ఫోన్లో ఫొటో తీసి చూపించినా రెండు సెకన్లలో పేరు చెప్పేది. చూపించలేదు. నెల రోజుల్లో అదే మానిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

ఇక్కడే ఆగి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సిఫిలిస్ మనిషిని మోసం చేసేది సరిగ్గా ఇలాగే. పాత తెలుగులో దీన్ని సవాయి రోగం అనేవారు. సూక్ష్మజీవి ఒంట్లోకి వెళ్ళిన సుమారు మూడు వారాలకి, ఒక్కోసారి పది రోజులకే, ఒక్కోసారి మూడు నెలలకి, అది ప్రవేశించిన చోట నొప్పిలేని పుండు వస్తుంది. మందు వేసుకోకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. మానింది పుండే, జబ్బు కాదు. కొన్ని వారాలకో నెలలకో ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో వస్తే దాదాపు గుర్తుపట్టినట్టే. అవీ పోతాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏ లక్షణమూ లేకుండా లోపల ఉండిపోయి గుండెని, మెదడుని, కళ్ళని దెబ్బతీసే అవకాశం ఉంది. కండోమ్ చాలావరకు కాపాడుతుంది గాని పూర్తిగా కాదు. అది కప్పని చోట పుండు ఉంటే చర్మం తగిలితే చాలు, నోటి ద్వారా కూడా వస్తుంది. ఇంకో మాట: కొబ్బరినూనె, బాడీ లోషన్ లాంటివి లేటెక్స్ కండోమ్‌ని బలహీనపరుస్తాయి, చినిగిపోతుంది. నీటితో చేసిన లూబ్రికెంట్లే వాడాలి. ఈ విషయం మనకెవరూ చెప్పరు. మనకి కండోమ్ గురించి ఎవరైనా చెప్పారంటే అది కడుపు రాకుండా ఆపే వస్తువుగానే చెప్పారు.

మార్చిలో నా అరచేతుల్లో దద్దుర్లు వచ్చాయి. కాలేజీ దగ్గర ఒక ప్రైవేటు స్కిన్ డాక్టర్ దగ్గరికెళ్ళాను. ఆయన చేతులు చూశారు, "పెళ్ళయిందా?" అన్నారు. "లేదు సార్." అంతే. ఆ దారి అక్కడితో మూసేశారు. హాస్టల్ నీళ్ళు పడలేదని అలర్జీ మాత్రలు రాశారు.

ఈ "పెళ్ళయిందా" అన్న ప్రశ్న గురించి ఒక పేజీ రాయొచ్చు. మన ఆసుపత్రుల్లో దాని అసలు అర్థం "నీకు లైంగిక అనుభవం ఉందా" అని. నేరుగా అడగడానికి మొహమాటం. మనం "లేదు" అంటే డాక్టర్ చాలా జబ్బుల్ని లిస్టులోంచి కొట్టేస్తాడు. నేను నిజమే చెప్పాను, ఆయన తప్పుగా అర్థం చేసుకున్నాడు. తప్పు ఆయనది మాత్రమే అనను. "పెళ్ళి కాలేదు గాని, మీరు అడిగేది దాని గురించైతే, ఉంది" అనే వాక్యం నా నోట్లో తయారుగా లేదు. అలాంటి వాక్యాలు ఇంట్లో వింటేనే కదా బయట వస్తాయి.

చివరికి ఇంటర్నెట్లో అరచేతుల ఫొటోలు చూసి భయపడి 1097కి ఫోన్ చేశాను. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. వాళ్ళు సురక్ష క్లినిక్ గురించి చెప్పారు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఉంటుంది, సుఖవ్యాధులకి పరీక్షలు, మందులు ఫ్రీ. రైలు పట్టాల పక్క గోడల మీద "గుప్త రోగాలకు గ్యారంటీ వైద్యం" అని రాసి ఉంటుందే, దయచేసి అక్కడికి వెళ్ళకండి. హెచ్ఐవీ పరీక్ష ఐసీటీసీలో చేస్తారు, అదీ ఫ్రీనే. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, సంతకం తీసుకుంటారు, ఆ తర్వాతే రక్తం. నాకు సిఫిలిస్ రక్తపరీక్ష పాజిటివ్, హెచ్ఐవీ నెగటివ్. బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒకే రోజు రెండు పక్కలా రెండు సూదులు. తొలి దశల్లో పట్టుకుంటే సిఫిలిస్‌కి వైద్యం ఇంతే. రెండు రోజులు కూర్చోలేకపోయాను, అది వేరే సంగతి.

ఉగాదికి ఇంటికెళ్ళాను. ఓపీ చీటీ జీన్స్ జేబులో మర్చిపోయాను. అమ్మ బట్టలు ఉతకడానికి తీసింది.

ఆ చీటీ నాన్నకి దొరికి ఉంటే డాక్టర్ కోడిగీతలు అని పడేసేవాడు. మా ఇంట్లో ఆ కాగితం చదవగలిగే మనిషి ఒక్కతే, ఆమెకే దొరికింది. నేను డాబా మీద ఉన్నాను. చీటీ పట్టుకుని పైకి వచ్చింది. అరుస్తుందనుకున్నాను.

"టెస్ట్ డోస్ వేసే ఇచ్చారా?" అంది.

"వేశారమ్మా."

"హెచ్ఐవీ చేశారా?"

"నెగటివ్."

"మూడు నెలలు దాటాక చేశారా, ముందా?"

"దాటింది."

కాస్త ఊపిరి తీసుకుంది. "ఆ పిల్లకి చెప్పావా మరి? ఆ అమ్మాయికి కూడా సూది వేయించాలి. రేపు కడుపుతో ఉంటే బిడ్డకి కూడా..."

"అమ్మాయి కాదమ్మా."

కింద కుక్కర్ రెండు విజిల్స్ వేసింది. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పింది.

"అయితే ఆ అబ్బాయికి చెప్పావా?" అంది.

చెప్పలేదు. ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టాను. అతనూ వెళ్ళి చేయించుకున్నాడు. అమ్మ ఆ తర్వాత రెండు రోజులు నాతో అన్నం, స్నానం గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. కాని ఆ మొదటి ప్రశ్నల వరస నాకు బాగా గుర్తుండిపోయింది. ఆమెలో తల్లి నోరు మూసుకున్నప్పుడు నర్సు మాట్లాడింది. అసలు ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించింది అందుకే: మనవాళ్ళు "నేను గే" అన్న మాటకి సిద్ధంగా ఉండకపోవచ్చు, కాని "నాకు ఒంట్లో బాలేదు" అన్న మాటకి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటారు. ఆరోగ్యం అనేది మన ఇళ్ళల్లో తెరిచి ఉన్న తలుపు.

ఇది నా ఒక్కడి ఇంటి సంగతేమీ కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాల్మాసియో ఫ్లోరెస్ అనే నర్సింగ్ పరిశోధకుడు గే, బైసెక్సువల్, క్వీర్ అబ్బాయిలు తల్లిదండ్రులతో సెక్స్ గురించి ఏం మాట్లాడారో వాళ్ళనే కూర్చోబెట్టి అడిగాడు. మనకంటే ఎంతో ఓపెన్ అనుకునే ఆ దేశంలో కూడా ఆ అబ్బాయిలు చెప్పింది ఇదే: అమ్మానాన్నలు మాట్లాడినప్పుడు ఎదురుగా ఉన్న కొడుక్కి అమ్మాయిలంటేనే ఇష్టమన్న లెక్కతో మాట్లాడారు, కాబట్టి విన్నదాంట్లో తమకి పనికొచ్చింది తక్కువ. అక్కడ సంభాషణ జరిగి కూడా గురి తప్పింది. మన దగ్గర సంభాషణే లేదు, గురి సంగతి తర్వాత.

ఇంకో అధ్యయనం కెయిట్లిన్ రయాన్ బృందానిది, 2009లో పీడియాట్రిక్స్ అనే జర్నల్లో వచ్చింది. 21 నుంచి 25 ఏళ్ళ లెస్బియన్, గే, బైసెక్సువల్ యువతని 224 మందిని తీసుకున్నారు. టీనేజ్‌లో కుటుంబం నుంచి తీవ్రమైన తిరస్కారం చూసినవాళ్ళని, తిరస్కారం లేనివాళ్ళతో, లేదా తక్కువ చూసినవాళ్ళతో పోల్చారు. తిరస్కారం చూసినవాళ్ళలో ఆత్మహత్యాప్రయత్నం చేశామన్నవాళ్ళ నిష్పత్తి 8.4 రెట్లు. రక్షణ లేని సెక్స్ 3.4 రెట్లు. కోరిలేషన్ వేరు కాజేషన్ వేరు అని మన స్టాటిస్టిక్స్ సార్ అంటారు, ఒప్పుకుంటాను. కాని "గట్టిగా తిడితే దారికొస్తాడు" అనుకునే తల్లిదండ్రులకి ఈ 3.4 చూపించాలనిపిస్తుంది. ఏ జబ్బు వస్తుందని భయపడి తిడతారో, తిట్లున్న ఇళ్ళలోనే ఆ జబ్బుకి దారి ఎక్కువ తెరుచుకుని కనిపించింది.

మన దగ్గర అదనంగా భాష సమస్య ఒకటి. ఇంట్లో ఈ విషయం ఎత్తాలంటే ఏ మాట వాడాలి? టెన్త్ బయాలజీ పుస్తకంలో ఉన్నది సంస్కృతం. హాస్టల్లో ఉన్నవి బూతులు. మధ్యలో అమ్మతో అనగలిగే మాట లేదు. నాలాంటివాళ్ళకైతే సినిమాలు ఇచ్చినవి రెండే, "తేడా", "పాయింట్ ఫైవ్". ఆ మాటలతో ఎవరూ తన గురించి తల్లికి చెప్పుకోలేరు. నేను అమ్మతో తర్వాత మాట్లాడినప్పుడు "నాకు అబ్బాయిలంటే ఇష్టం" అన్నాను. ఏడో తరగతి పిల్లాడికి కూడా అర్థమయ్యే తెలుగు. జబ్బుల గురించి మాట్లాడేటప్పుడు ఆమె వాడే ఆసుపత్రి మాటలే నేనూ వాడాను: పార్టనర్, రియాక్టివ్, డోసు. ఆ మాటల్లో తిట్టు వాసన లేదు, ఇద్దరికీ ఊపిరాడింది.

అమ్మాయిల పరిస్థితి ఇంకో రకం. నా ఫ్రెండ్ ఒకమ్మాయి ఉంది, ఆమెకి అమ్మాయిలంటే ఇష్టం. వాళ్ళమ్మ చాలా సంతోషంగా ఉంటుంది, "మా పిల్ల అబ్బాయిల జోలికి పోదు" అని. ఇంట్లో ఆమెకి చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక్క భయం చుట్టూనే, కడుపు. ఆ ప్రమాదం లేదు కాబట్టి ఏ ప్రమాదమూ లేదని ఆమె కూడా నమ్మింది. నిజం కాదు. హెచ్‌పీవీ అనే వైరస్ చర్మం నుంచి చర్మానికి పాకుతుంది, ఇద్దరమ్మాయిల మధ్య కూడా. హెర్పిస్ కూడా అంతే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు అన్ని సందర్భాల్లోనూ కారణం హెచ్‌పీవీయే. ఆమె ఒకసారి మంటగా ఉందని గైనకాలజిస్ట్ దగ్గరికెళితే మళ్ళీ అదే ప్రశ్న, పెళ్ళయిందా? లేదంటే సరిగ్గా పరీక్ష కూడా చేయకుండా పంపేశారట. పెళ్ళి అనే ఒక్క బిట్ మీద మన వైద్యం అంతా నడుస్తోంది, సున్నా అయితే ప్రోగ్రామ్ ఎగ్జిట్.

అయితే ఎక్కడ మొదలుపెట్టాలి? నా సలహా టీకాలతో. ఇందులో ఎవరూ ఎవరికీ ఏమీ ఒప్పుకోవాల్సిన పని లేదు. "అమ్మా, నాకు చిన్నప్పుడు హెపటైటిస్ బి మూడు డోసులూ పడ్డాయా?" అని అడగండి. మన బ్యాచ్ వాళ్ళం పుట్టేనాటికి ఆ టీకా దేశమంతటా ప్రభుత్వ పట్టికలో లేదు, 2011కి గాని అన్ని రాష్ట్రాలకీ రాలేదు. కాబట్టి మనలో చాలామందికి పడి ఉండకపోవచ్చు. హెపటైటిస్ బి రక్తం ద్వారా, సెక్స్ ద్వారా వస్తుంది, లివర్‌ని తినేస్తుంది. పెద్దయ్యాక కూడా వేయించుకోవచ్చు: ఇవాళ ఒకటి, నెలకి ఒకటి, ఆరో నెలలో ఒకటి. నేను అడిగితే అమ్మ గుర్తు తెచ్చుకుని, "నీకు రెండే పడ్డాయిరా, అప్పుడు నాకు ట్రాన్స్‌ఫర్ అయింది" అంది. ఊరందరి కార్డులూ చూసే మనిషి ఇంట్లో పిల్లాడి మూడో డోసు మర్చిపోయింది! ఆమే వేసింది మూడోది, ఈ మేలో.

రెండోది హెచ్‌పీవీ టీకా. ఇది అమ్మాయిల టీకా అని మనవాళ్ళ అభిప్రాయం. మగవాళ్ళలో కూడా ఈ వైరస్ వల్ల పులిపిర్లు, గొంతు, మలద్వార క్యాన్సర్లు వస్తాయి. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 2023లో బయటికి వచ్చింది, 9 నుంచి 26 ఏళ్ళ అమ్మాయిలకి, అబ్బాయిలకి ఇద్దరికీ అనుమతి ఉంది. 15 దాటినవాళ్ళకి మూడు డోసులు. ప్రైవేటులో ఖర్చు తక్కువేమీ కాదు, అందుకే ఇంట్లో అడగాల్సి వస్తుంది, అడగడం వల్లే మాట మొదలవుతుంది. "క్యాన్సర్ రాకుండా టీకా అంట" అంటే కాదనే నాన్న నాకింతవరకు కనపడలేదు.

మూడోది టీకా కాదు, ఒక గడువు. 72 గంటలు. కండోమ్ చినిగినా, లేక వాడకపోయినా, అవతలివాళ్ళ హెచ్ఐవీ సంగతి తెలియకపోతే 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, పెప్ అనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్ఐవీ వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో గాని, ఏఆర్‌టీ సెంటర్లో గాని అడగాలి. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ చేసి "ఆసుపత్రికి తోడు రా" అని అడగగలిగిన మనిషి ఇంట్లో ఒకరుండటం ఎందుకు ముఖ్యమో ఈ ఒక్క గడువు చెప్తుంది.

ఒకవేళ పాజిటివ్ వస్తే? అమ్మకి అసలు భయం అదే, పులిరాజా భయం. ఆ హోర్డింగుల కాలానికీ ఇప్పటికీ మధ్య వైద్యం పూర్తిగా మారిపోయింది. రోజుకి ఒక్క మాత్ర, ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లలో ఉచితం. మందు సరిగ్గా వేసుకుని రక్తంలో వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గితే సెక్స్ ద్వారా ఇంకొకరికి అంటదు. ఇది ఓదార్పు మాట కాదు. పార్ట్‌నర్ అనే యూరప్ అధ్యయనంలో ఒకరికి హెచ్ఐవీ ఉండి, ఒకరికి లేని దాదాపు 800 గే జంటలని కొన్నేళ్ళపాటు చూశారు. వాళ్ళు కండోమ్ లేకుండానే ఉన్నారు. మందు వాడుతున్న భాగస్వామి నుంచి రెండోవారికి అంటిన కేసులు సున్నా. 2019లో లాన్సెట్‌లో వచ్చింది. అమ్మకి ఈ సంగతి చెప్పినప్పుడు "గర్భిణీల విషయంలో మాకూ చెప్పార్లే, మందు వాడితే బిడ్డకి రాకుండా ఆపొచ్చని" అంది. ఆమెకి సగం సైన్సు ముందే తెలుసు. దాన్ని నా వైపు తిప్పి చూడటం అంతవరకు అవసరం పడలేదు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తల మాట. నా కథ చదివి ఎవరూ ఈ వీకెండే ఇంటికెళ్ళి అంతా చెప్పేయకండి. ఫీజు ఎవరు కడుతున్నారు, కోపం వస్తే చేయి చేసుకునే ఇల్లా, ఫోన్ లాక్కుని పెళ్ళిచూపులు పెట్టేస్తారా, ఇవన్నీ చూసుకోవాలి. చెప్పకపోవడం పిరికితనం కాదు. 18 నిండినవాళ్ళు ఎవరికీ చెప్పకుండా కూడా పరీక్షలు చేయించుకోవచ్చు. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం మీ అంగీకారం లేకుండా పరీక్ష చేయకూడదు, చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2018 సెప్టెంబర్ 10న. దానికి కొద్ది రోజుల ముందే, సెప్టెంబర్ 6న, సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చి పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది. 18 నిండనివాళ్ళు మాత్రం ఒకటి తెలుసుకోండి, మన ఫస్టియర్లో 17 ఏళ్ళవాళ్ళు ఉంటారు కాబట్టి చెప్తున్నాను: పోక్సో చట్టం కింద మైనర్ల లైంగిక సంబంధం తెలిస్తే డాక్టర్ పోలీసులకి చెప్పాల్సి ఉంటుంది. ఈ చట్టం మంచిదా కాదా అన్నది వేరే వాదన.

ఇంట్లోవాళ్ళు "డాక్టర్‌కి చూపించి మార్పిస్తాం" అంటే కూడా జవాబు ఉంది. స్వలింగ ఆకర్షణని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోంచి 1990లోనే తీసేసింది. 2021లో మద్రాసు హైకోర్టులో ఒక కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, తనకి ఈ విషయం సరిగ్గా తెలియదని ఒప్పుకుని, ముందు తానే ఒక సైకాలజిస్ట్ దగ్గర కూర్చుని నేర్చుకుని ఆ తర్వాత తీర్పు రాశారు. ఆ కేసు ఫలితంగానే 2022లో జాతీయ మెడికల్ కమిషన్, ఇలా "మార్చే" వైద్యం చేయడం డాక్టర్లకి వృత్తిపరమైన తప్పు అని ప్రకటించింది. ఒక హైకోర్టు జడ్జి కూర్చుని నేర్చుకున్నాడంటే మా నాన్న కూడా ఏదో ఒకరోజు నేర్చుకుంటాడని నా ఆశ.

పెద్దవాళ్ళకి కూడా అడగాల్సినవి ఉంటాయి, అవి అడగనివ్వాలి. మా అమ్మ వేసవి సెలవుల్లో ఒకరాత్రి కరెంటు పోయినప్పుడు, చీకట్లో అడిగింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నిలవడానికని హార్మోన్ సూదులు వేయించుకున్నారా. దానివల్ల ఇలా అయిందా?" ఇన్ని నెలలూ ఆమె మౌనంలో ఉన్నది కోపం అనుకున్నాను. అది లెక్క. ఏ నెలలో ఏ సూది అని వెనక్కి లెక్కపెట్టుకుంటోంది. కాదమ్మా, ఎవరి తప్పూ కాదు, ఇది జబ్బే కాదు అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. ఆమెలాంటి తల్లిదండ్రులు మన దేశంలోనే స్వీకార్ అనే గుంపుగా ఏర్పడ్డారు. 2023లో పెళ్ళి హక్కు కేసు నడుస్తున్నప్పుడు వాళ్ళలో 400 మందికి పైగా కలిసి ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు, మా పిల్లల పెళ్ళిళ్ళు చట్టప్రకారం చూడాలనుందని. ఆ అక్టోబర్లో తీర్పు వాళ్ళు కోరినట్టు రాలేదు. ఆ వార్త అమ్మకి చూపించాను. ఉత్తరం సంగతి పట్టించుకోలేదు, "అంతమంది ఉన్నారా?" అంది.

అన్నీ సర్దుకున్నాయని రాస్తే అబద్ధం అవుతుంది. ఆమె ఇప్పటికీ "ఉద్యోగం వచ్చాక చూద్దాం, మనసు మారుతుందేమో" అంటుంది. నేను ఇప్పటికీ అతని పేరు ఆమె ముందు ఎత్తను. నాన్నకి ఇద్దరమూ చెప్పలేదు. టీవీలో ప్రకటన వస్తే ఆయన పులిరాజా డైలాగ్ కొడుతూనే ఉన్నాడు. పోయినసారి అమ్మ వంటింట్లోంచి, "వస్తుందో రాదో టెస్ట్ చేయించుకుంటే తెలుస్తుంది, ఊరికే ఛానల్ మారిస్తే ఏం తెలుస్తుంది" అంది. ఆయనకి అర్థం కాలేదు.

సిఫిలిస్ సూది వేశాక ఆరు నెలలకి, ఏడాదికి మళ్ళీ రక్తపరీక్ష చేయించుకోవాలి, తగ్గిందని రూఢి చేసుకోవడానికి. నాకు ఆ తారీఖు గుర్తులేదు. నిన్న మధ్యాహ్నం డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌లో ఉండగా అమ్మ దగ్గర్నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. "సోమవారానికి ఆరు నెలలు. ఆర్పీఆర్ చేయించుకో. పరగడుపున అక్కర్లేదు, టిఫిన్ తినే వెళ్ళు. ఆ అబ్బాయికి కూడా చెప్పు."